కారు లోన్‌లో ముందు ఏ కిస్తీ కట్టాలి?

ప్రశ్న: బ్యాంకు లోన్‌తో కారు కొన్నాను. ఈఎంఐ రూ.14,200, ప్రతి నెలా 5న కట్టాలి. జూన్, జూలై, ఆగస్టు కిస్తీలు బౌన్సయ్యాయి. చేతిలో రూ.20,000 ఉన్నాయి. మూడూ ఒకేసారి కట్టకపోతే బండి తీసుకెళ్తామని రికవరీ ఏజెంటు అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు జూన్ కిస్తీని పైసా మిగలకుండా తీర్చేయండి. బ్యాంకు రోజులు లెక్కపెట్టేది అన్నిటికన్నా పాత బాకీ తేదీ నుంచి. జూన్ 5 కిస్తీ అలాగే ఉండిపోతే సెప్టెంబరు 3కి 90 రోజులు నిండి ఖాతా ఎన్‌పీఏలో, అంటే మొండి బాకీల లెక్కలో పడుతుంది. అది తీరితే లెక్క జూలై 5 నుంచి మొదలై, ఆ గండం అక్టోబరు 3కి జరుగుతుంది. ఎన్‌పీఏ అయ్యాక ఈ వెసులుబాటు ఉండదు. అప్పుడు బకాయి మొత్తం కడితేనే ఖాతా మళ్లీ మామూలవుతుంది. అలాగని 90 రోజుల దాకా బండి జోలికి రారనుకోకండి. అంతకు ముందే తీసుకెళ్లే హక్కు అగ్రిమెంటులో రాసుకుని ఉండవచ్చు, ఆ పేజీ ఒకసారి తీసి చదవండి.

చాలామంది దెబ్బతినేది చార్జీల దగ్గర. సరిగ్గా 14,200 కడితే బ్యాంకు అందులోంచి ముందు బౌన్స్ చార్జీలు మినహాయించుకోవచ్చు. జూన్ కిస్తీలో వెయ్యో రెండు వేలో మిగిలిపోతే రోజుల లెక్క ఆగదు. ఒక్కో బౌన్స్‌కు రూ.500 అనుకుందాం. మూడింటికి రూ.1,500. కిస్తీతో కలిపి రూ.15,700. ఆలస్యానికి వేసే పీనల్ చార్జీ దీనికి అదనం. లోన్ స్టేట్‌మెంట్ తెప్పించుకుని అసలు అంకె చూసుకోండి. పీనల్ చార్జీ మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023లోనే చెప్పింది. వేసి ఉంటే తీసేయమని రాతపూర్వకంగా అడగండి.

డబ్బు బ్యాంకు యాప్‌లోనో బ్రాంచిలోనో లోన్ ఖాతా నంబరు మీదే కట్టండి. ఏజెంటు సొంత ఫోన్ నంబరుకు పంపితే అది మీ ఖాతాలో జమైందో లేదో దేవుడికే తెలియాలి. కట్టిన రోజే బ్యాంకుకు మెయిల్ పెట్టండి: ఈ సొమ్ము జూన్ కిస్తీకి, దానికోసం మాండేట్ (ఖాతా నుంచి కిస్తీ దానంతటదే తీసుకునే ఆదేశం) మళ్లీ పంపవద్దు అని. ఆ రెండో మాట మరిచిపోతే మీ సేవింగ్స్ ఖాతాలో ఇంకో బౌన్సు పడొచ్చు. దానికి లోన్ ఇచ్చిన బ్యాంకూ, మీ ఖాతా ఉన్న బ్యాంకూ విడివిడిగా చార్జీ వేస్తాయి.

మిగతా రెండు కిస్తీలు ఏ తేదీకి ఎంతెంత కడతారో అదే మెయిల్లో రాయండి. నెరవేర్చలేని తేదీ మాత్రం ఇవ్వకండి. రాబడి నిజంగానే తగ్గిపోతే కాలపరిమితి పెంచి ఈఎంఐ తగ్గించమని ఎన్‌పీఏ కాకముందే అడగాలి. అదీ కుదరకపోతే ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ పూర్తిగా తీర్చేయడానికి ఎంత కట్టాలో తెలిపే పత్రం) తీసుకుని, బ్యాంకుకు తెలిపి, బండి మీరే అమ్ముకోవడం మేలు. వేలంలో వచ్చేది సాధారణంగా తక్కువ, తరుగు పడితే అదీ మీ నెత్తినే.

ఏజెంటు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. వస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగండి.

ప్రశ్న: మా బండిని ఫైనాన్స్ కంపెనీ వాళ్లు తీసుకెళ్లిపోయారు. వెనక్కి వస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేలానికి ముందైతే వస్తుంది. అమ్మే ముందు కట్టుకోవడానికి ఆఖరి అవకాశం ఇచ్చే నిబంధన అగ్రిమెంటులో ఉండాలి. విడుదలకు మొత్తం ఎంతో రాతలో తీసుకోండి. బకాయితో పాటు టోయింగు, యార్డు అద్దె కూడా వేస్తారు, అద్దె రోజురోజుకీ పెరుగుతుంది. బండిలోని వస్తువుల జాబితా రాయించుకోండి. దౌర్జన్యం చేసి తీసుకెళ్లి ఉంటే పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. కంపెనీకి రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పంపవచ్చు. సహాయానికి 14448. ఆ 30 రోజులూ యార్డు అద్దె మాత్రం ఆగదు కాబట్టి, డబ్బు సర్దుబాటైతే ముందు బండి విడిపించుకుని తర్వాత ఫిర్యాదు నడపండి.