బడి ప్రశ్నలు: ఏడాది లక్ష్యాలు, వాటి లెక్కలు

ప్రభుత్వ బడుల్లో వార్షిక లక్ష్యాలు రాసే పని గురించి నెల్లూరు జిల్లా పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా మండలంలో 41 బడులున్నాయి. ఏటా లక్ష్యాల ఫారం వస్తుంది. నమోదు, హాజరు, చదవడం, లెక్కలు, మరుగుదొడ్లు, తాగునీరు... అన్నీ కలిపి 14 అంశాలు. బడులన్నీ పోయినేటి అంకెకు 5 శాతం కలిపి పంపేస్తాయి, మేం సగటు తీసి పైకి పంపుతాం. దీన్ని ఎక్కడినుంచి బాగుచేయాలి?
– క్లస్టర్ రిసోర్స్ పర్సన్, కావలి వైపు

జవాబు: ముందు ఆ సగటు తీయడం మానేయండి. ఒక బడిలో 10 మంది పిల్లలుండి 9 మంది కథ చదవగలిగితే 90 శాతం. పక్క ఊళ్లో 90 మందికి 45 మంది చదివితే 50 శాతం. రెంటి సగటు 70. కానీ మొత్తం 100 మందిలో చదవగలిగింది 54 మందే. చిన్న బడులు బాగా చేస్తున్న మండలం కాగితం మీద ఎప్పుడూ ఉన్నదానికన్నా మెరుగ్గానే కనిపిస్తుంది. బడులనుంచి శాతం అడగకండి. ఎంతమందిని పరీక్షించారు, అందులో ఎంతమందికి వచ్చింది అని రెండు అంకెలు తెప్పించుకుని, శాతం మీరే కట్టుకోండి.

ఇక 5 శాతం పెంపు. తరగతిలో 14 మంది ఉంటే ఒక్కో పిల్ల 7 శాతం. అక్కడ 5 శాతం పెంచడం అంటే ఏమిటో టీచరుకీ తెలియదు, మనకీ తెలియదు. ఒక కుటుంబం పనికోసం బెంగళూరు వెళ్లిపోతే అంకె పడిపోతుంది, చురుకైన పిల్ల ఒకతె చేరితే లేస్తుంది. అందులో టీచరు గొప్పా లేదు, తప్పూ లేదు. 100 మంది లోపున్న బడికి లక్ష్యం తలల లెక్కన రాయించండి. ‘3 నుంచి 5 తరగతుల్లో కథ చదవగలిగేవాళ్లు ఇప్పుడు 6, మార్చి ఆఖరుకి 15’ అంటే చాలు. ఆ 15 మంది పేర్లు వెనక పేజీలో ఉండాలి. శాతాలు మండలానికీ జిల్లాకీ పనికొస్తాయి, రెండు గదుల బడికి కాదు.

14 అంశాల ఫారం నింపక తప్పదు కాబట్టి నింపండి. ఏడాదంతా వెంటపడాల్సినవి మాత్రం మూడే: చదవడం, లెక్కలు, హాజరు. మరుగుదొడ్డి తలుపు, కొళాయి, ప్రహరీ ఇవన్నీ పనులు. కొళాయి 40 శాతం బాగైందని ఎవరూ అనరు కదా! వాటికి తేదీ, ఖర్చు, ఎవరు చేయిస్తారన్నది రాస్తే సరిపోతుంది. నమోదు అంకెకు మాత్రం ఏటా సెప్టెంబర్ 30 నాటిదే తీసుకోండి. ఒక ఏడాది జూన్‌ది, మరో ఏడాది ఆగస్టుది తీసుకుంటే పోల్చడానికి పనికిరాదు.

బడులు పంపిన అంకెలను సరిచూడడం మీ పని. ఒక్కో బడిలో హాజరు పట్టీ నుంచి రోల్ నంబర్లు చూసి ఐదుగురిని పిలవండి, టీచరు ఎంచి పంపినవాళ్లను కాదు. టీచరు పరీక్షకు వాడిన కాగితంతోనే మళ్లీ చదివించండి. ఐదుగురిలో ఇద్దరి స్థాయి టీచరు రాసినదానితో కలవకపోతే ఆ తరగతిని మొత్తం మళ్లీ పరీక్షించమనండి. ఇది తప్పు పట్టడానికి కాదని కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసేది) ముందే చెప్పండి. అలా చెప్పకపోతే వచ్చే ఏడాది ఆ ఐదుగురూ సిద్ధంగా ఉంటారు.

ప్రశ్న: మాది ఇద్దరు టీచర్లు, 38 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాల. బేస్‌లైన్ టెస్ట్ (ఏడాది మొదట్లో పిల్లల స్థాయి చూసే పరీక్ష) పెట్టి లక్ష్యం రాయమంటున్నారు. బడి తెరవగానే పెట్టాలా? ఎంత సమయం పడుతుంది? ‘15 మంది’ లాంటి అంకె ఎలా తేల్చాలి?
– ప్రధానోపాధ్యాయురాలు, ఉదయగిరి ప్రాంతం

జవాబు: మేడమ్, జూన్ 12న బడి తెరిచి అదే వారం పెట్టకండి. ఎండాకాలం సెలవుల్లో మరిచిపోయింది రెండు మూడు వారాల్లో దానంతటదే తిరిగొస్తుంది. మొదటి వారంలోనే పరీక్షిస్తే అంకె తక్కువ వస్తుంది, ఆ తర్వాత కనిపించే పెరుగుదలలో కొంత మీ బోధన వల్ల వచ్చింది కాదు. జులై మొదటి వారం సరైన సమయం.

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివించాలి. తరగతిలో అందరి చేతా ఒకేసారి చదివిస్తే గట్టిగా అరిచే నలుగురి వెనక మిగతావాళ్లు పెదవులు కదుపుతారు. చదవడానికి 5 నిమిషాలు, లెక్కలకు 5 నిమిషాలు. 3, 4, 5 తరగతుల్లో 22 మంది ఉంటే మొత్తం 220 నిమిషాలు. ఒక టీచరు అందరినీ చూసుకుంటుంటే ఇంకొకరు వరండాలో రోజుకు గంట చొప్పున నాలుగు రోజుల్లో పూర్తిచేయొచ్చు.

కాగితం మీద నాలుగు మెట్లు ఉంటే చాలు: అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల చిన్న పేరా, ఎనిమిది పది వాక్యాల కథ. పాఠ్యపుస్తకంలోది పెట్టొద్దు, పిల్లలు పేజీ తిప్పకుండానే ఒప్పజెప్పేస్తారు. ముందు పేరా ఇవ్వండి. ఆగి ఆగి కూడబలుక్కోకుండా, మూడు తప్పులకు మించకుండా చదివితే కథ ఇవ్వండి. చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. ఐదింటిలో నాలుగు సరిగా చెబితే ఆ మెట్టు వచ్చినట్టే. ఊళ్లలో పిల్లల చదువు స్థాయి చూసే ‘అసర్’ సర్వేలోనూ వాడేది దాదాపు ఇదే పద్ధతి. లెక్కల్లో రెండంకెల సంఖ్యలు గుర్తుపట్టడం, అప్పు తీసుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం.

తెలుగులో ఇంకో గడి కూడా పెట్టుకోండి: ఎక్కడ ఆగారు? చాలామంది గుణింతాల దగ్గర కాదు, ఒత్తుల దగ్గర ఆగుతారు. ‘అమ్మ’, ‘అన్న’ గడగడా చదివిన పిల్ల ‘పుస్తకం’ రాగానే ‘పుసతకం’ అంటుంది. ద్విత్వం కంటికి అలవాటై వచ్చేసింది, వేరే అక్షరం ఒత్తుగా వస్తే తెలియడం లేదన్నమాట. ఈ పిల్లకి మళ్లీ అ ఆ లు దిద్దించడం దండగ. రెండు మూడు వారాలు స్త, క్ష్మ, ష్ట, ర్య లాంటివి ఉన్న మాటలు రోజుకు పది చదివిస్తే మెట్టు దాటుతుంది. లక్ష్యం ఎంత పెట్టొచ్చో చెప్పేది ఈ గడే.

ఉదాహరణకు 22 మందిలో అక్షరాల దగ్గర 3, పదాల దగ్గర 6, పేరా దగ్గర 7, కథ దగ్గర 6 తేలారనుకుందాం. పేరా వాళ్లు ఏడుగురూ మార్చికి కథకు వస్తారని ఆశించొచ్చు. పదాల దగ్గరున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు రెండు మెట్లు ఎక్కగలరు. అలా 6, 7, 2 కలిపితే 15. పైనుంచి వచ్చిన అంకె 20 అయితే, మిగతా ఐదుగురు ఎవరో పేర్లతో చూపమని అడగడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ‘కథ చదివేవాళ్లు’ అన్న ఒక్క అంకె మీదే చూపుంటే, ఎవరైనా ఆ ఏడుగురి మీదే పనిచేస్తారు. అంకె త్వరగా పెరుగుతుంది, అక్షరాల దగ్గరున్న ముగ్గురూ ఏడాదంతా వెనక బెంచీలోనే ఉంటారు. అందుకే లక్ష్యం కింద రెండో వాక్యం తప్పనిసరి: ‘సమ్మెటివ్-1 (ఏడాది మధ్య పరీక్ష) నాటికి అక్షరాల మెట్టు దగ్గర ఎవరూ ఉండరు.’ రోజుకు 40 నిమిషాలు తరగతితో పనిలేకుండా మెట్టును బట్టి గుంపులు చేసి కూర్చోబెట్టడం తప్ప ఇద్దరు టీచర్ల బడిలో దీనికి వేరే దారి లేదు. ఆరు వారాలకోసారి మళ్లీ చదివించి గుంపులు మార్చండి.

ప్రశ్న: నేను బడి కమిటీ చైర్మన్ని. చదివింది ఏడో తరగతి. ప్రణాళిక కాగితం మీద సంతకం పెట్టమంటారు. హాజరు 88 శాతం అని రాశారు, బాగుందనుకున్నాం. కానీ మా కాలనీ పిల్లలు చాలామంది బడికి రావట్లేదు. మేం ఏం అడగొచ్చు?
– ఒక తల్లి, ఇందుకూరుపేట మండలం

జవాబు: అమ్మా, మీ అనుమానం సరైనదే. 30 మందిలో 22 మంది 97 శాతం రోజులు వచ్చి, 8 మంది 63 శాతమే వచ్చినా సగటు 88 వస్తుంది. ఆ ఎనిమిది మందీ సగటు కింద దాక్కున్నారు. ‘నెలలో మూడు రోజులు, అంతకన్నా ఎక్కువ మానేసిన పిల్లల పేర్లు చదవండి’ అని ప్రతి మీటింగులోనూ అడగండి. ఈ మాట మినిట్స్‌లో రాయించండి. హాజరు లక్ష్యం కూడా ఇలాగే ఉండాలి: ‘అలాంటి పిల్లలు ఇప్పుడు 8 మంది, సంక్రాంతికి నలుగురు.’

ప్రతి పేరు పక్కన కారణం రాయాలి. ‘తల్లిదండ్రుల అశ్రద్ధ’ అని రాస్తే ఒప్పుకోకండి, దానితో చేయగలిగింది ఏమీ లేదు. రొయ్యల గుంటల దగ్గర కాపలాకు కుటుంబమంతా వెళ్లిందా, నాట్లప్పుడు చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల ఆగిందా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకు దారి మునుగుతోందా? ఒక్కోదానికి ఒక్కో మందు. యానాది కుటుంబాలు, వలస వెళ్లేవాళ్లు ఎక్కువున్న చోట సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టల్ (పెద్దవాళ్లు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఉండే హాస్టల్) అడగొచ్చు. పిల్లలు వెళ్లిపోయాక జాబితా రాసి లాభం లేదు, వెళ్లకముందే పేర్లు మండలానికి చేరాలి.

సంతకం సంగతి: 2009 విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కమిటీయే. మీకు చదివి వినిపించని కాగితం మీద సంతకం పెట్టాల్సిన అవసరం లేదు. డబ్బు కూడా అడగండి. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు (బడి ఖర్చులకు ఇచ్చే డబ్బు) ఏడాదికి 25,000 రూపాయలు, 101 నుంచి 250 దాకా అయితే 50,000. అందులో కనీసం పదో వంతు శుభ్రతకే పెట్టాలి. డబ్బు విడతలుగా వస్తుంది కాబట్టి మొదటి విడతతో ఏ పనులు, రెండో విడతతో ఏ పనులు అని విడదీసి రాయించండి.

ప్రశ్న: మధ్యలో లక్ష్యం అందదని తేలితే అంకె తగ్గించుకోవచ్చా?
– ఉపాధ్యాయుడు, కోవూరు

జవాబు: తగ్గించకండి. అంకె అలాగే ఉంచి, పక్కన అందనివాళ్ల పేర్లు, ఎందుకు అందలేదో రాయండి. మార్చాల్సింది పనిని: గంట ఎక్కువ, వేరే గుంపు, వేరే టీచరు. తుపాను సెలవులకు 12 రోజులు పోయాయంటే అది కారణమే, తేదీలతో సహా రాసిపెట్టండి.

ప్రశ్న: పదో తరగతికి ఏటా 100 శాతం ఉత్తీర్ణత అనే రాయిస్తున్నారు. 28 మంది ఉన్నారు. వేరేలా రాయొచ్చా?
– హైస్కూల్ గణిత ఉపాధ్యాయుడు, ఆత్మకూరు

జవాబు: రాయొచ్చు, రాయాలి కూడా. ఉత్తీర్ణత శాతం ఒక్కటే లక్ష్యమైతే దాన్ని పెంచే దగ్గరి దారి బలహీనులను తొమ్మిదిలోనే వదిలించుకోవడం. అందుకని శాతం కట్టేటప్పుడు కింది అంకెగా (హారంగా) పరీక్ష రాసినవాళ్లను కాక, పోయినేడు తొమ్మిదో తరగతి పట్టీలో ఉన్నవాళ్లను తీసుకోండి. టీసీ తీసుకుని వేరే బడిలో చేరినవాళ్లు మాత్రమే అందులోంచి పోతారు. అలా లెక్కేస్తే కొన్ని ‘100 శాతం’ బడులు 90 దగ్గర తేలతాయి.

సమ్మెటివ్-1 మార్కులు రాగానే ఒక పట్టిక వేయండి. పేరు, సబ్జెక్టు, 35కి ఎన్ని తక్కువ. హిందీకి పాసు మార్కు 20 కాబట్టి అది వేరే గడి. 28 మందిలో తప్పినవాళ్లు 11 మందైనా, వాళ్లలో ఒక్క సబ్జెక్టే పోయినవాళ్లు ఎందరో ముందు చూడండి. 5 మార్కులు తక్కువైన పిల్లకీ 22 తక్కువైన పిల్లవాడికీ ఒకే స్టడీ అవర్ పెట్టి ఒకే గైడు చేతికివ్వడమే ఎక్కువ చోట్ల జరిగే తప్పు. మొదటి పిల్లకు రోజూ రెండు మూడు లెక్కలు పూర్తిగా చేయించి దిద్దితే ప్రీఫైనల్ నాటికి గట్టెక్కుతుంది. రెండో అతనికి భిన్నాలు, రుణ సంఖ్యలు, సమీకరణంలో పక్షం మార్చడం రావడం లేదేమో చూడాలి. అవి ఆరు, ఏడు తరగతుల పాఠాలు. నవంబర్‌లోనే మొదలుపెడితే టైము ఉంటుంది, జనవరిలో అయితే ఉండదు. మీ ఫారంలో 100 శాతం గడి అలాగే ఉండనిచ్చి, ఈ పట్టికను దానికి జతచేసి పంపండి.