రెండు రోజుల ప్రశాంతత కావాలంటే దిండి కాదు, నరసాపురం

హైదరాబాద్ నుంచి రెండు రోజులకి, నీళ్ల పక్కన, హడావిడి లేని చిన్న ఊరు చెప్పమన్నారు. ఎవర్ని అడిగినా దిండి, యానాం, భీమిలి అంటారు. దిండి రిసార్టుల్లో శనివారం సాయంత్రం డీజే మోత. యానాంలో మందు చవక, చుట్టుపక్కల ఊళ్ల జనమంతా అక్కడే. భీమిలికి ఆదివారం వైజాగ్ సగం తరలి వస్తుంది. అసలు ప్రశాంతత కోసం సముద్రం ఒడ్డుకి వెళ్లాలనుకోవడమే తప్పు. అల కనబడితే మనవాళ్లు కేకలేస్తారు, రిసార్టుల మోత లేని ఏటి గట్టు మీదైతే ఊరికే కూర్చుంటారు. అందుకే నా ఓటు పశ్చిమ గోదావరి జిల్లాలో, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఉన్న నరసాపురానికి.

రాత్రి రైలెక్కితే పొద్దున్నకి దిగుతారు. లైను అక్కడితో ఆఖరు కాబట్టి నిద్రలో స్టేషన్ దాటిపోతుందన్న బెంగ లేదు. స్టేషన్ కోడ్ ఎన్‌ఎస్. బస్సు బుక్ చేసేటప్పుడు మాత్రం జిల్లా పేరు చూడండి, మెదక్ జిల్లాలోనూ ఓ నర్సాపూర్ ఉంది. టికెట్ మరీ చవగ్గా కనబడిందంటే అది ఆ ఊరే.

పొద్దున మినపరొట్టె తిని మాధవాయిపాలెం రేవుకి ఆటో మాట్లాడుకోండి. అసలు సరదా అక్కడుంది. పంటు, అంటే బళ్లని కూడా దాటించే బల్లపరుపు పడవ, ఎక్కితే ఏరు దాటి సఖినేటిపల్లిలో దిగుతారు. మనుషులూ బళ్లూ కార్లూ కొబ్బరికాయల బస్తాలూ అన్నీ ఒకే పంటు మీద. సొంత కారుంటే ఆటుపోట్లు కాస్త తెలుసుకుని వెళ్లాలి. సముద్రం దగ్గరే కాబట్టి ఏటి నీరు రోజుకి రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఈ వేళలు రోజూ ముప్పావుగంట పైచిలుకు ఆలస్యమవుతుంటాయి, నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. నీరు తీసినప్పుడు పంటు కిందికి దిగిపోతుంది, రేవు వాలు నిటారుగా కనబడుతుంది, తడి బురద మీద టైరు జారుతుంది. కింది భాగం నేలకి దగ్గరగా ఉండే కార్లకి పంటు ఎక్కే చెక్కల దగ్గర అడుగు గీసుకుంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. కారులోని మనుషుల్ని ముందే దింపేసి, మొదటి గేరులో ఆపకుండా ఎక్కించాలి. మధ్యలో బ్రేకు వేస్తే కష్టం. పంటు మీద హ్యాండ్ బ్రేక్ వేసి గేరులో వదలండి. ఆఖరి పంటు ఎన్నింటికో టికెట్ ఇచ్చే మనిషిని వెళ్లేటప్పుడే అడిగేయండి. అది తప్పిపోతే చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా చుట్టు తిరిగి రావాలి, గంట పైమాటే.

అవతల అంతర్వేది. గుడి చూసుకుని, ఏరు సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి. అక్కడ నీళ్లలో దిగకండి. ఏటి వడి, అలలు ఎదురెదురుగా తగిలే చోట అడుగున ఇసుక నిలవదు. మోకాలి లోతే కదా అనుకున్న చోట పక్క అడుగుకి గొంతు దాకా వస్తుంది. ఈత వచ్చినా లాభం లేదు.

వెళ్లే రోజు ఎంచుకోవడానికి వాతావరణం యాప్ కంటే పంచాంగం మేలు. మాఘ శుద్ధ దశమి, ఏకాదశి అంతర్వేది కల్యాణం, రథోత్సవం. ఆ రెండు రోజులూ కాలు పెట్టే చోటుండదు. కార్తీకంలో వనభోజనాలు, ఆదివారాలు దగ్గర్లోని పేరుపాలెం బీచ్ నిండా జనం. సంక్రాంతికి కోడిపందేల వల్ల భీమవరం చుట్టుపక్కల గది దొరకదు, దొరికినా చెప్పిందే రేటు. పెళ్లి ముహూర్తాల్లో లాడ్జీలు నిండిపోతాయి. 2027 పుష్కరాల పన్నెండు రోజులూ సరేసరి. కార్తీకం దాటాక డిసెంబరులో మామూలు మంగళవారమో బుధవారమో చూసుకోండి. జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం వార్తలు వినండి. బ్యారేజీ దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. ఏరు అలా వరద మీదుంటే పంటు ఆపేస్తారు.

పులస కోసమే వెళ్తానంటే ఆ వరద నెలలే దిక్కు. చలికాలంలో ఎవరైనా పులస అని ప్లేటు పెట్టారంటే నమ్మకండి, అది ఎక్కణ్ణుంచో ఐసులో వచ్చిన విలస, అంటే ఏట్లోకి ఎదురీదని సముద్రపు చేప. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట పట్టుకుని హోటళ్లు టూరిస్టుల పుస్తెలు బాగానే అమ్మిస్తున్నాయి.

లాడ్జీలు మామూలువే. గది తీసుకునే ముందు కిటికీకి దోమల జాలీ ఉందో లేదో, చిరిగిందో చూడండి, ఏసీ కంటే అది ముఖ్యం. మధ్యాహ్నం తర్వాత వీధుల్లోకి వెళ్తే అరుగుల మీద ఆడవాళ్లు కొక్కెం సూదితో లేసు అల్లుతూ కనబడతారు, చూపు మన మీదే ఉన్నా చెయ్యి ఆగదు. కొనాలనుకుంటే తిరగేసి చూడండి: ముడులు వదులుగా ఉంటే రెండు ఉతుకులకే సాగిపోతుంది. బేరం దుకాణంలో ఆడండి, అల్లే మనిషి దగ్గర వద్దు. ఆమె చేతికొచ్చేది ముందే తక్కువ.