తమ్ముడి పెళ్ళిలో వాయించవలసిన బాణీలు

గాల్వే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ జాబితా చేరింది. మీ తమ్ముడి పెళ్ళి ఇక్కడ ఐర్లండ్‌లోనే, క్లేర్ కౌంటీలో పెళ్ళికూతురి ఊరి చర్చిలో జరుగుతుందనీ, చర్చిలోనూ సాయంత్రం హోటల్లోనూ ఐరిష్ సంప్రదాయ సంగీతం నువ్వే వాయించాలని వియ్యాలవారు కోరారనీ తెలిసి సంతోషించాను. పన్నెండేళ్ళు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చినదానివి, రెండేళ్ళుగా డబ్లిన్‌లో నలుగురూ కూడి వాయించే సెషన్లకు వెళుతున్నదానివి కనుక నువ్వు వాయించగలవా అన్న శంక నాకు లేదు. శంకల్లా ఆ జాబితా మీదే. నువ్వు రాసిన 19 బాణీల్లో సగం పేరు బాగుందని, మిగిలిన సగం హెడ్‌ఫోన్లలో బాగా వినిపించాయని ఎంచినట్టుంది. పెళ్ళిలో బాణీని ఎంచవలసింది అది మోగే నిమిషాన్ని బట్టి, ఆ నిమిషంలో ఎదురుగా ఉండే మనుషులను బట్టి. ఆ లెక్కన చూస్తే అందులో ఏడెనిమిదే నిలుస్తాయి.

ముందుగా కొట్టివేయవలసింది "షీ మూవ్డ్ త్రూ ద ఫెయిర్". పెళ్ళిరోజు ఇక ఎంతో దూరం లేదని ప్రియుడితో చెప్పే పల్లవి ఉంది కదా అని నువ్వు పెట్టి ఉంటావు. ఇరవయ్యేళ్ళ కిందట నేనూ అలాగే అనుకున్నాను. మా సహోద్యోగి పెళ్ళిలో, సంతకాల వేళ, కళ్ళు మూసుకుని ఎంతో ఆర్తితో వాయించాను. బయటికి వచ్చాక వరుడి తరఫు పెద్దావిడ ఒకావిడ నా మోచేయి పట్టుకుని పక్కకు తీసుకువెళ్ళి, "చాలా బాగా వాయించావు బాబూ, కానీ ఆ పాటలో పిల్ల చనిపోతుంది, నీకు తెలుసా?" అని నెమ్మదిగా అడిగింది. 1909లో అచ్చయిన ఆ పాటకు చాలావరకు మాటలు కూర్చినవాడు కవి పాడ్రిక్ కాలమ్. చివరి చరణంలో రాత్రివేళ చప్పుడు లేకుండా వచ్చి ఆ పెళ్ళి మాట అనే ఆమె అప్పటికే బతికి లేదని ఇక్కడివాళ్ళు అర్థం చెప్పుకుంటారు. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు, పైగా ఒక కప్పు టీ తెచ్చి ఇచ్చింది. అయినా ఆ టీ నాకు గొంతు దిగలేదు.

ఇందులో తెలుసుకోవలసింది ఒకటి ఉంది. ఇక్కడ "ఎయిర్" అనే నిదానమైన బాణీల్లో చాలావరకు పాటలే. నువ్వు వయొలిన్ మీద వాయించినా వినేవాళ్ళ మనసులో మాటలు నడుస్తూనే ఉంటాయి. మన సన్నాయి విద్వాంసులు పెళ్ళిపందిట్లో ముఖారి ఎత్తుకోకపోవడానికి, సీతాకల్యాణం వినపడగానే ముత్తైదువలు పెదవులు కదపడానికి కారణం అదే కదా. కనుక ప్రతి ఎయిర్‌కూ మాటలు ఉన్నాయేమో, ఉంటే అవి ఏం చెబుతున్నాయో కనుక్కోకుండా జాబితాలో చేర్చకు. "డానీ బాయ్" కూడా ఈ కారణంగానే వద్దు. ఆ రాగం 1855లోనే పీట్రీ అనే ఆయన ఐరిష్ బాణీల సంకలనంలో అచ్చయినా, ఇప్పుడు అందరికీ గుర్తుండే మాటలు 1913లో ఒక ఆంగ్లేయ లాయరు ప్రకటించినవి. అవి వీడ్కోలునూ సమాధినీ తలిచే మాటలు. ఎన్నో అంత్యక్రియల్లో వినిపించే పాట అది. పైగా ఆ రాగానికి "లండన్‌డెరీ ఎయిర్" అన్న పేరు పలికితే, ఉత్తర ఐర్లండ్‌లోని ఆ ఊరిని తమ తమ రాజకీయ పక్షాన్ని బట్టి డెరీ అనేవాళ్ళు ఒకరు, లండన్‌డెరీ అనేవాళ్ళు ఒకరు, బల్ల దగ్గరే వాదన మొదలవుతుంది.

పెళ్ళికూతురు నడిచి వచ్చే వేళకు నా ఎంపిక ఒక్కటే: "తూర్ దమ్ దో లావ్". ఆ ఐరిష్ మాటలకు అర్థం "నీ చేయి నాకివ్వు" అని. పాణిగ్రహణానికి ఇంతకంటె తగిన పేరు మనమైనా పెట్టలేం. 17వ శతాబ్దపు తొలి రోజుల్లో రూరీ దాల్ ఓ కహాన్ అనే అంధ హార్ప్ విద్వాంసుడు స్కాట్లండ్‌లో ఉండగా దీన్ని కూర్చాడని చెబుతారు. ఒక దొరసాని ఆయన ఎవరో తెలియక దురుసుగా వాయించమని ఆజ్ఞాపిస్తే కోపించి వెళ్ళిపోయాడట, తరువాత ఆవిడ క్షమాపణ కోరగా రాజీ గుర్తుగా ఈ బాణీ కట్టాడట. మూడు మాత్రల నడక కనుక అడుగులకు తొందర కలిగించదు. ఇది కుదరకపోతే డబ్లిన్ అకార్డియన్ వాద్యకారుడు థామస్ వాల్ష్ కూర్చిన "ఇనిషీర్" అనే వాల్ట్జ్ (అదీ మూడు దెబ్బల ఆట బాణీయే) వాయించు. ఇటీవలిదే అయినా పాత బాణీల్లో కలిసిపోయింది.

నడిచి వచ్చే దూరాన్ని ముందే కొలుచుకో. ఎనిమిది బార్ల (ఒక్కో బారుకు మూడు దెబ్బలు) భాగాన్ని నిమిషానికి 100 దెబ్బల వాల్ట్జ్ నడకలో వాయిస్తే పధ్నాలుగు, పదిహేను సెకన్లు పడుతుంది. రెండు భాగాలనూ రెండేసి సార్లు వాయిస్తే ఇంచుమించు నిమిషం. పల్లెటూరి చర్చిలో నడవ పొట్టిగా ఉంటుంది. పెళ్ళికూతురు వేదిక చేరాక కూడా నువ్వు రెండో భాగం పూర్తి చేయాలని పట్టుబడితే ఫాదర్ చేతులు కట్టుకుని నీ వంక చూస్తూ నిలబడవలసి వస్తుంది. మన పెళ్ళిలో పురోహితుడు "భజంత్రీలు, భజంత్రీలు!" అని కేకవేస్తాడు, ఆపమన్నట్టు చేయి కూడా ఊపుతాడు, ఇక్కడ నీకు ఎవరూ కేకవేయరు. కాబట్టి ఏ భాగం చివరనైనా షడ్జమం మీద నిలిపి ముగించడం అలవాటు చేసుకో.

పూజ జరుగుతుండగా ఏది వాయించాలన్నా ముందు ఆ చర్చి ఫాదర్‌ను అడిగి ఒప్పించుకోవలసిందే. కొందరు లౌకిక సంగీతాన్ని పూజలో అనుమతించరు. అది నీ బాధ్యత కాదు, పెళ్ళివారిచేత అడిగించు. పెళ్ళి పత్రాల మీద సంతకాలు చేసే సమయం మాత్రం నీదే. అక్కడ టర్లో ఓ కారొలన్ అనే ఐరిష్ హార్ప్ విద్వాంసుణ్ణి తలచుకో. 1670లో పుట్టి, పద్దెనిమిదో ఏట మశూచితో చూపు కోల్పోయి, 1738లో కన్నుమూసే దాకా హార్ప్‌తో ఇల్లిల్లూ తిరుగుతూ ఆతిథ్యం ఇచ్చిన కుటుంబాల పేరిట బాణీలు కట్టిన మనిషి ఆయన. గాల్వే కౌంటీ ఆడపిల్ల పేరిట కట్టిన "ఫ్యానీ పవర్", ఆ తరువాత "ప్లాంక్స్‌టీ ఇర్విన్" వరసగా వాయిస్తే సంతకాలూ ఫొటోలూ అయిపోతాయి. బయటికి నడిచేటప్పుడు "హేస్ట్ టు ద వెడ్డింగ్" వాయించమని అందరూ అంటారు, తప్పేమీ లేదు. నా మనసు మాత్రం "బానిష్ మిస్‌ఫార్చ్యూన్" అనే జిగ్ (ఒక హుషారైన ఆట బాణీ) మీద ఉంది. దౌర్భాగ్యాన్ని తరిమెయ్యమని దాని పేరు, వినడానికి నవ్వుతున్నట్టే ఉంటుంది.

ఆ జిగ్ నీకు సులువుగా పట్టుబడుతుంది, ఎందుకంటే దాని స్వరాలు మన హరికాంభోజివే. "కూలీస్ రీల్"లో ఖరహరప్రియ మెట్లు వినిపిస్తాయి. జిగ్ అంటే తిశ్ర నడక, రీల్ అంటే చతురశ్రం. ఇంతవరకూ లాభం. నష్టం ఎక్కడంటే, చేయి తనంతట తానే గాంధారాన్ని ఊపుతుంది. ఊపకు. ఇక్కడి అలంకారం వేరు: "రోల్" అంటే స్వరం, పై స్వరం, మళ్ళీ స్వరం, కింది స్వరం, మళ్ళీ స్వరం, ఈ అయిదూ మూడు అక్షరాల కాలంలో దొర్లిపోవాలి, పై కింది స్వరాలు వేలు తాకీ తాకనట్టు పలకాలి. శ్రుతి కూడా మన సపసప కాదు, జి-డి-ఎ-ఇ. ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో తెచ్చిన 1850 బాణీల పుస్తకం నీ బల్ల మీద ఉందని మీ అమ్మ చెప్పింది. కార్క్‌లో పుట్టి చికాగో పోలీసులకు అధిపతి అయిన ఆయనకు మనమందరం రుణపడి ఉన్నాం, అయినా పుస్తకంలో ఉన్నది ఎముకల గూడే. ఏ బాణీ అయినా క్లేర్ వాళ్ళు వాయించగా విని, తరువాతే కాగితం చూడు.

ఇక సాయంత్రం సంగతి. ఇక్కడ నీ సంగీతానికి పరీక్షకులు చెవులు కావు, కాళ్ళు. "సీజ్ ఆఫ్ ఎన్నిస్" అనే బృంద నాట్యం ఆడతారు, అది తప్పదు. నలుగురికి నలుగురు ఎదురుబొదురుగా నిలబడి, ఒక చుట్టు ముగియగానే ఒక వరస చేతుల కింద నుంచి దూరి తరువాతి వరసను కలుస్తుంది. జిగ్ ఒక ఆవృత్తి అరనిమిషం పైచిలుకులో అయిపోతుంది, డాన్సు మాత్రం నిమిషాల తరబడి సాగుతుంది. కాబట్టి మూడు నాలుగు జిగ్గులు ఆగకుండా కలిపి వాయించగలగాలి. "కెష్", "కన్నాట్‌మన్స్ రాంబుల్స్", "మై డార్లింగ్ అస్లీప్" చాలు. "వాల్స్ ఆఫ్ లిమెరిక్" అయితే రీల్సు: "సిల్వర్ స్పియర్", "సాలీ గార్డెన్స్", "కూలీస్". వేగం నిమిషానికి 110 దెబ్బలు దాటనివ్వకు. డబ్లిన్ పబ్బుల్లో కుర్రవాళ్ళు వాయించే వేగానికి అరవయ్యేళ్ళ మేనత్త కాలు మడత పడుతుంది. తూర్పు క్లేర్ వాయింపు నిదానానికే పేరు పొందింది, అక్కడి ఆటలకు వాయించే టల్లా కేలీ బ్యాండ్ పాత రికార్డులు వింటే కాలు ఎక్కడ పడాలో నీకే తెలుస్తుంది. "మేరీస్ వెడ్డింగ్" స్కాట్లండ్‌ది, "అశోకన్ ఫేర్‌వెల్" 1982లో ఒక అమెరికన్ కూర్చినది. రెండూ మంచివే, ఐరిష్ బాణీలని చెప్పి మాత్రం వాయించకు.

అన్నింటికంటె విలువైన బాణీ నీ జాబితాలో లేదు, ఉండడానికి వీలూ లేదు. పెళ్ళికూతురి తాతగారు కన్సర్టినా (చేతుల్లో పట్టుకునే చిన్న తిత్తి వాద్యం) వాయిస్తారని రాశావు. క్లేర్‌లో కన్సర్టినా ఉన్న ఇంట్లో ఆ ఇంటివాళ్ళకే చెందినట్టు వాడుకునే బాణీ ఒకటి ఉంటుంది. అది చాలాసార్లు అందరికీ తెలిసిన పోల్కానో (రెండు దెబ్బల ఆట బాణీ) జిగ్గో అయినా, వాళ్ళ నాయనమ్మ ఒక చోట ఒక స్వరం మార్చి వాయించేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళికి నెల ముందే ఒక ఆదివారం వెళ్ళి ఆయన దగ్గర కూర్చుని, కాగితం తీయకుండా, రికార్డు చేసుకోవచ్చా అని అడిగి, అది నేర్చుకో. ఆయన ఏ స్వరం మీద ఎత్తుకుంటే అక్కడే ఎత్తుకో, ఆ మార్చిన స్వరాన్ని దిద్దకు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో క్లేర్‌లోని మిల్‌టౌన్ మాల్బేలో, 1973 నుంచి ఏటా జూలైలో జరిగే విల్లీ క్లాన్సీ సంప్రదాయ సంగీత వేసవి బడికి వెళ్ళి, ఒక పెద్దాయన వాయించిన జిగ్‌లో నిషాదం తప్పని చెప్పబోయాను. ఆయన కోప్పడకుండా మళ్ళీ మొదటి నుంచి వాయించి, అదే నిషాదం దగ్గర కనుబొమ్మలెత్తి నా వంక చూసి నవ్వాడు. భోజనాల తరువాత, ప్రసంగాలన్నీ అయ్యాక, తాతగారి పక్కన కుర్చీ వేసుకుని ఆయన్నే మొదలుపెట్టనివ్వు. ఆయన వాయించే దాన్ని నువ్వు కింది స్థాయిలో అనుసరిస్తే చాలు.

క్లేర్ పెళ్ళిళ్ళకు ఇప్పటికీ అప్పుడప్పుడు "స్ట్రాబాయ్స్" వస్తారు. ముఖాలు కనపడకుండా ఎత్తయిన గడ్డి టోపీలు తొడుక్కుని పిలవకుండా లోపలికి వచ్చి, వాళ్ళ నాయకుడు పెళ్ళికూతురితో ఒక ఆట ఆడి, మిగిలినవాళ్ళు కాసేపు ఆడి వెళ్ళిపోతారు. వాళ్ళు రావడం శుభమని నమ్మకం. తమ వాద్యకారుడితో వస్తే కమాను దించి చూస్తూ కూర్చో. ఒట్టి చేతులతో వస్తే వెంటనే ఒక పోల్కా అందుకో, ఏది వాయించాలని అప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు.

నీ ప్రశ్నకు జవాబు కూడా చెప్పాలి: మన సంగీతం ఒకటి పెట్టవచ్చా అన్నావు. విజయవాడలో మన పద్ధతిలో జరిగే పెళ్ళిలో ఎటూ సన్నాయి ఉంటుంది కనుక ఇక్కడ ఒక్కటి చాలు. చర్చి నుంచి వచ్చి అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడే ఆ గంటలో, ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరం "వందే మీనాక్షి" వాయించు. ఆయన విన్న పాశ్చాత్య బాణీల మీద సంస్కృత సాహిత్యం అల్లిన వాటిలో అది ఒకటి, దాని మూలం "లిమెరిక్" అనే బాణీ. క్లేర్‌కు పొరుగు కౌంటీ పేరు అది. ముందు ఏమీ చెప్పకుండా వాయించి, ఎవరైనా ఇది మాదే కదా అంటే అప్పుడు చెప్పు.

చర్చిలో చలికి బిరడాలు జారతాయి. అరగంట ముందే వెళ్ళి వయొలిన్‌ను పెట్టె తెరిచి ఉంచు, ఇ తీగ ఒకటి అదనంగా సంచిలో వేసుకో. వచ్చే శనివారం గాల్వేకు రా. బాణీలు నీకు వచ్చినవే కనుక, నేను చేయి ఎత్తినప్పుడల్లా ఆ భాగం చివర ఆపడం ఒక్కటే సాధన చేద్దాం. మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య