బాబు అన్నం ముట్టడం లేదు.. ఆకలి టానిక్ వాడొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బాబుకు ఆరేళ్లు, 17 కిలోలున్నాడు. అన్నం పెడితే నోరు తెరవడు. ఫోన్ చేతికిస్తేనే నాలుగు ముద్దలు పోతాయి. పొద్దున చాయ్‌లో బిస్కెట్లు, రోజుకు మూడు పెద్ద గ్లాసుల చాక్లెట్ పౌడర్ పాలు, బడి నుంచి రాగానే నాయనమ్మ ఇచ్చే పది రూపాయలతో చిప్స్ పాకెట్. ఆకలి పుట్టే టానిక్ ఏదైనా రాస్తారా?

జవాబు: ముందు బరువు సంగతి. ఆరేళ్ల మగపిల్లలు సగటున 20 కిలోలుంటారు. 17 అంటే కాస్త తక్కువే గానీ భయపడేంత కాదు. 16 లోపుంటే మాత్రం తప్పకుండా డాక్టరుకు చూపించాలి. నిరుడు ఎంతున్నాడో గుర్తుందా? ఈ వయసులో ఏడాదికి రెండు కిలోలు, ఐదారు సెంటీమీటర్లు పెరుగుతుంటే దిగులు అక్కర్లేదు.

టానిక్ రాయను. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే ఆకలి సిరప్‌లలో తరచూ సైప్రోహెప్టాడిన్ ఉంటుంది. అది నిజానికి అలర్జీ మందు. తాగినన్నాళ్లు పిల్లవాడు మగతగా ఉంటూ కాస్త ఎక్కువ తింటాడు, ఆపితే మళ్లీ మొదటికొస్తాడు.

మీరు రాసిన ప్రకారం బాబుకు అసలు ఆకలయ్యే సందే దొరకడం లేదు. మూడు పెద్ద గ్లాసులంటే ముప్పావు లీటరు పాలు. ఈ వయసుకు అర లీటరు దాటకూడదు. పాలతోనే పొట్ట నిండితే అన్నానికి చోటెక్కడిది? పైగా పాలలో ఇనుము దాదాపు ఉండదు. అన్నం కూరల్లోంచి వచ్చే కొద్దిపాటి ఇనుమును కూడా పాలూ చాయ్ సరిగా ఒంటికి పట్టనివ్వవు. ఇనుము తగ్గి రక్తం తగ్గితే ఉన్న ఆకలీ చచ్చిపోతుంది. అందుకే చాయ్ పూర్తిగా మాన్పించండి. పాలు రెండు చిన్న గ్లాసులు చాలు, అవీ భోజనం అయిన గంటకో రెండు గంటలకో ఇవ్వండి. ఇక ఆ పౌడర్ డబ్బా వెనక 100 గ్రాములకు చక్కెర ఎంతుందో రాసి ఉంటుంది, ఒకసారి చదవండి. తర్వాత కొనాలా వద్దా మీరే తేల్చుకుంటారు.

సాయంత్రం నాలుగున్నర గంటల ఆకలి నిజమైన ఆకలి. దాన్ని పాకెట్‌కు వదిలేయొద్దు. వాడు గడప తొక్కేసరికి ఉడకబెట్టిన పల్లీలో, పోపు వేసిన బబ్బెర గుడాలో, పల్లిపట్టీయో, జామపండో కళ్లెదుట ఉండాలి. సీజన్‌లో మన పాలమూరు సీతాఫలం ఉండనే ఉంది. నాయనమ్మను పది రూపాయలు ఇవ్వొద్దంటే ఇంట్లో గొడవవుతుంది, తెలుసు. గుడాలు చేసి పెట్టే పని ఆమెకే అప్పజెప్పండి. మనవడికి ఏదో ఒకటి పెట్టాలన్న ఆమె ఆశ కూడా తీరుతుంది. వారానికి ఒక రోజు పాకెట్ కొన్నా కొంపలేం మునగవు.

రాత్రి భోజనానికి అందరూ కలిసి కూర్చోండి. ఫోన్ ఎవరి చేతిలోనూ ఉండొద్దు, బాబు నాన్న చేతిలో కూడా. తండ్రి పాలకూర పప్పు గిన్నె పక్కకు జరిపితే కొడుకూ జరుపుతాడు. కొంచెమే వడ్డించి వాడి చేత్తో వాణ్ని కలుపుకోనివ్వండి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది మీ ఇష్టం. ఎంత తినాలో వాడి పొట్టకు వదిలేయండి. అరగంటలో తినకపోతే తిట్టకుండా కంచం తీసేయండి. బదులుగా పాలు మాత్రం పట్టొద్దు. మొదటి మూడు నాలుగు రోజులు ఏడుస్తాడు, మీకే కడుపు తరుక్కుపోతుంది. ఓర్చుకోండి. కొత్త కూర నాలుకకు అలవాటు కావడానికి పది పదిహేనుసార్లు రుచి చూపించాల్సి రావచ్చు. రెండుసార్లు ఉమ్మేశాడని వదిలేయకండి.

అన్నమే తినాలని లేదు. జొన్నరొట్టెలో, సజ్జరొట్టెలో పప్పు అద్దుకుని తిన్నా మంచిదే. పప్పులో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. సర్కారు బడి అయితే మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడతారు. తింటున్నాడో, పక్కవాడికి ఇస్తున్నాడో టీచర్‌ను అడగండి. మీ ప్రాంతం కాబట్టి ఇంకో మాట: బోరు నీళ్లలో ఫ్లోరైడ్ భయం ఉంటుంది, తాగడానికీ వంటకూ సర్కారు మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి.

హిమోగ్లోబిన్ పరీక్ష మాత్రం ఈ వారమే చేయించండి. 11.5 కన్నా తక్కువుంటే రక్తహీనతే, ఐరన్ మందు డాక్టరు రాస్తారు. మట్టి, సుద్ద, పచ్చిబియ్యం తింటున్నాడేమో గమనించండి, అదీ ఇనుము లోపానికి గుర్తే. బడిలో ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కోండి. బరువు తగ్గుతున్నా, విరేచనాలు, వాంతులు, జ్వరం విడవకుండా ఉన్నా వెంటనే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి. అవేమీ లేకపోతే రెండు నెలలు ఇలా నడిపి, అదే తూకం మీద మళ్లీ తూచి రాయండి.