రోజూ ఇల్లు తుడిచినా, పరుపు మీద దోమల మందు కొట్టినా పొద్దున్నే తుమ్ములు తగ్గట్లేదు, డస్ట్ మైట్స్ (దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగులు) కుడుతున్నాయా?

కుట్టవండి. పరుపు మీద దోమల మందు కొట్టానని రాశారు, ముందు అది మానేయండి, రాత్రంతా దాన్ని పీల్చేది మీరే.

మాది పర్లాకిమిడి. నాకూ ఇదే బాధ నాలుగేళ్ళు ఉంది. లేవగానే పది పదిహేను తుమ్ములు, ముక్కు నీళ్ళలా కారడం, కళ్ళు దురద, తొమ్మిదయ్యేసరికి ఏమీ ఎరగనట్టు తగ్గిపోవడం. చల్లగాలి పడట్లేదని ఇంట్లో తేల్చేశారు (మా ఊళ్ళో ఏ రోగానికైనా చల్లగాలే కారణం). కానీ వేసవిలో మేడ మీద ఉత్త చాప వేసుకుని పడుకున్నన్ని రోజులూ ఒక్క తుమ్ము లేదు, చల్లగాలంతా అక్కడే కదా! అప్పుడు నా అనుమానం పక్క మీదికి మళ్ళింది.

మా మామ్మ పాత చీరలతో కుట్టిన బొంత, బూరుగు దూది దిండు, ఎన్నేళ్ళవో ఎవరికీ గుర్తులేదు. ఈ మైట్స్ ఉండేది అలాంటి చోటే. సాలీడు జాతి, ఎనిమిది కాళ్ళు, మిల్లీమీటరులో మూడో వంతు ఉంటే గొప్ప. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తింటాయి, నీళ్ళు తాగకుండా గాలిలోని తేమనే పీల్చుకుంటాయి, అందుకే వానలు మొదలయ్యాక మన వైపు వాటికి పండగ. మనకు పడనిది ముఖ్యంగా వాటి రెట్ట. అందులో డెర్ పి 1 అనే ఎంజైము ఉంటుంది, అది ముక్కు లోపలి పొరలో కణాల మధ్య అతుకులు తెంపుతుంది, అలర్జీ ఉన్నవాళ్ళ ఒంట్లో దానికోసం ఐజీఈ అనే యాంటీబాడీ ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి వెంటనే హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనం విడుదలై తుమ్ములు మొదలు. ఆ రెట్ట బరువుగా ఉండి కాసేపట్లోనే కిందకి దిగిపోతుంది, గాలిలో తేలుతూ ఉండదు. అంటే మీరు నేల ఎంత తుడిచినా, రాత్రి ముక్కు ఆనించి పడుకునేది దిండు మీదే. నేనైతే రోజూ గదిలోనే బొంత దులిపేవాణ్ణి, తెలివి!

బరంపురం వెళ్ళి చర్మం మీద చుక్కలు వేసి చూసే అలర్జీ టెస్ట్ చేయించుకున్నాను. మొదటిసారి సెట్రిజిన్ (అలర్జీ మాత్ర) వేసుకునే వెళ్ళానని తిప్పి పంపేశారు, బస్సు ఛార్జీలు దండగ. మీరు మాత్రం ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి వెళ్ళండి. రెండోసారి పావుగంటలో చెయ్యి మీద మైట్స్ చుక్క వేసిన చోట దద్దురు లేచింది.

తర్వాత పరుపుకీ దిండుకీ మైట్స్ దూరని జిప్ కవర్లు వేశాను, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో, అంటే చెయ్యి పెట్టలేనంత వేడిలో నానబెట్టి ఉతుకుతున్నాం. ఎండలో వేస్తే చాలదా అంటారు, గట్టి ఎండకి పురుగు చావొచ్చు గానీ రెట్ట అక్కడే ఉంటుంది, అది పోవాలంటే ఉతకాల్సిందే. డాక్టర్ ఇచ్చిన ముక్కు స్ప్రే రోజూ కొట్టుకుంటే గానీ పని చెయ్యదు, నేను మూడో రోజే మానేసి తిట్లు తిన్నాను. రాత్రిళ్ళు పిల్లికూతలు వస్తుంటే మాత్రం ఈ కవర్లూ గివర్లూ తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

రెండు నెలలకి తుమ్ములు రెండు మూడుకి దిగాయి. బొంత పారెయ్యడానికి మామ్మ ఒప్పుకోలేదు, పాలిథిన్ సంచిలో కట్టి అటకెక్కించాం.