షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ మీద మీ వ్యాసం ‘భార్య రెచ్చగొట్టింది, అతను రాజును చంపాడు’ దగ్గరే ఆగిపోతోందా? ఇలా చేయండి

1వ అంకం 7వ రంగంలో (1.7) అతని భార్య లేడీ మాక్‌బెత్ ఎత్తిపొడుపులే తీసుకుని, మాక్‌బెత్ జవాబు వదిలేసినట్టున్నారు. అందుకే మగతనం, అధికార కాంక్ష మీ వ్యాసంలో కలవడం లేదు.

1. ముందు 1.3 చూడండి. రాజువవుతావన్న మంత్రగత్తెల జోస్యం వినగానే రాజు డంకన్ హత్య ఆలోచన మాక్‌బెత్‌కే వస్తుంది. భార్య అప్పటికి రంగం మీదకే రాలేదు. కాంక్ష అతనిదే.

2. ఇక 1.7. మగవాడికి తగినదంతా చేస్తాను, అంతకు మించి తెగించేవాడు మగవాడే కాదంటాడు మాక్‌బెత్. తెగించినప్పుడే నువ్వు మగవాడివి అని ఆమె తిప్పికొడుతుంది. తన నిర్వచనాన్ని అతను వదులుకునేది ఇక్కడే.

3. 3.1లో అదే ఎత్తిపొడుపును కిరాయి హంతకుల మీద వాడతాడు: కుక్కల్లో రకాలున్నట్టే మగాళ్లలోనూ రకాలుంటాయట. రెండు వాక్యాలు చాలు.

4. అందరూ దాటేసేది 4.3. మొదటి సగం, డంకన్ కొడుకు మాల్కమ్ మెక్‌డఫ్ అనే ప్రభువు విధేయతకు పెట్టే పరీక్షతో సాగదీతగా ఉంటుంది (నిజమే, విసుగే), దాంతో రంగం మొత్తం వదిలేస్తారు. ఆ తర్వాత, మాక్‌బెత్ చేతిలో తన భార్యాబిడ్డలు హతమయ్యారని మెక్‌డఫ్ వింటాడు. మగవాడిలా ఎదుర్కో అంటాడు మాల్కమ్. అలాగే చేస్తాను, కానీ మగవాడిలా బాధపడాలి కూడా అంటాడు మెక్‌డఫ్. ఈ మాటను 1.7లోని మాక్‌బెత్ జవాబు పక్కన పెట్టండి. మీ వాదన అక్కడ నిలబడుతుంది.

5. అయితే ‘నాటకం మెక్‌డఫ్ పక్షం’ అని తేల్చేయకండి. అతను పగకు మళ్లగానే, ఇదీ మగతనమంటే అని మాల్కమ్ మెచ్చుకుంటాడు. చివర్లో ఇంగ్లీషు సేనాని సీవార్డ్ కూడా, చనిపోయిన కొడుకు గాయాలు ముందువైపే ఉన్నాయా అని అడిగి తృప్తిపడతాడు.