ఆ వాక్యంలో డాక్టరు ఎక్కడ?

చిరంజీవి సుజాతకి,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. అమెరికాలో నల్లజాతివాళ్ళ దీర్ఘకాలిక నొప్పుల గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ దేశంలో మనవాళ్ళు డాక్టర్లుగా, నర్సులుగా, ఫార్మసిస్టులుగా, నాలాగా ఫిజియోథెరపిస్టులుగా ఎంతోమంది పనిచేస్తున్నారు. రోజూ ఆ రోగుల్నే చూస్తాం, వాళ్ళ మోకాళ్ళూ నడుములూ పట్టుకుని కదిలిస్తాం. సాయంత్రం పార్టీకి వెళ్తే వాళ్ళని మనలో కొందరు ఏ మాటతో పిలుస్తారో నీకూ తెలుసు. అందుకే నీ వ్యాసం అచ్చవ్వాలి. అది మంచి వ్యాసంగా అచ్చవ్వాలని కాస్త గట్టిగా చెబుతున్నాను, మనసు కష్టపెట్టుకోకు.

నీ మూడో పేరాలో ఈ వాక్యం ఉంది: “నల్లజాతి రోగులు నొప్పిని గోరంతలు కొండంతలు చేసుకుంటారని పరిశోధనల్లో తేలింది.”

నా పెన్సిలు అక్కడే ఆగిపోయింది.

అది నువ్వు ఎక్కణ్ణుంచి తెచ్చావో తెలుసు. ఇంగ్లీషులో కెటాస్ట్రఫైజింగ్ అంటారు. దాన్ని కొలవడానికి 1995లో మైకేల్ సలివాన్ అనే సైకాలజిస్టూ ఆయన సహచరులూ 13 వాక్యాల ప్రశ్నాపత్రం తయారుచేశారు. అందులో మూడు పాయలున్నాయి. నొప్పి వచ్చినప్పుడు మనసు దాని చుట్టూనే తిరగడం ఒకటి. ఏదో పెద్ద ముప్పు రాబోతోందనిపించడం రెండోది. ఇక నా చేతిలో ఏమీ లేదు, ఇది తగ్గదు అనిపించడం మూడోది. నీ నుడికారం రెండోదాన్ని మాత్రమే పట్టుకుంది. అన్నిటికన్నా ముఖ్యమైన మూడోది జారిపోయింది. పైగా, మన ఇళ్ళల్లో ఆ మాట ఎవరిని అంటామో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. నడుం నొప్పి అన్న కోడల్ని అంటాం. అంటే నమ్మడం లేదని చెప్పడానికి వాడే మాట అది. ఆ మాట పెట్టగానే నువ్వు పరిశోధన చెప్పడం మానేసి తీర్పు చెప్పావు.

ఆ ప్రశ్నాపత్రంలో నల్లజాతివాళ్ళ మార్కులు సగటున తెల్లవాళ్ళకంటే ఎక్కువ వచ్చిన మాట నిజమే. నొప్పి వచ్చినప్పుడు ప్రార్థన మీద ఆధారపడతామని వాళ్ళే ఎక్కువగా చెప్పారు, నొప్పిని పట్టించుకోకుండా పని చేసుకుపోతామని తెల్లవాళ్ళు ఎక్కువగా చెప్పారు. ఇవి దాచాల్సిన పని లేదు, రాయి. కానీ అక్కడితో ఆపెయ్యకు. “నా చేతిలో ఏమీ లేదు” అన్న ఆలోచన ఆ మనిషికి ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా నువ్వే అడగాలి.

2000లో వచ్చిన ఒక అధ్యయనంలో అట్లాంటాలోని ఒక ఎమర్జెన్సీ విభాగం రికార్డులు తీసి చూశారు. చెయ్యో కాలో ఎముక విరిగి వచ్చినవాళ్ళ రికార్డులు అవి. తెల్లవాళ్ళలో 74 శాతానికి నొప్పి మందు ఇచ్చారు, నల్లజాతివాళ్ళలో 57 శాతానికే ఇచ్చారు. నొప్పిగా ఉందని రెండు వర్గాలవాళ్ళూ చెప్పినట్టు కాగితం మీద ఇంచుమించు ఒకేలా ఉంది. ఎముక విరగడం ఎక్స్‌రేలో కనబడుతుంది, అందులో అనుమానించడానికేమీ లేదు. అదే సంవత్సరం న్యూయార్క్ నగరంలో మందుల షాపుల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో 72 శాతం షాపుల్లో గట్టి నొప్పి మందులు సరిపడా ఉన్నాయి. తెల్లవాళ్ళు తక్కువగా ఉండే పేటల్లో 25 శాతం షాపుల్లోనే ఉన్నాయి. ప్రిస్క్రిప్షన్ చేతిలో పెట్టుకుని మూడో షాపు మెట్లు దిగుతున్న ఆవిడని ఊహించుకో. ఆవిడకి ఆ 13 వాక్యాల కాగితం ఇస్తే ఎన్ని మార్కులు వస్తాయంటావు?

ఇక్కడ నువ్వు గమనించని సంగతి ఒకటుంది. ల్యాబుల్లో వేడీ చల్లనా తగిలించి చేసిన పరీక్షల్లో నల్లజాతి వాలంటీర్లు సగటున తెల్లవాళ్ళకంటే ముందే “ఇక చాలు” అన్నారు. డాక్టర్ల నమ్మకం మాత్రం దానికి సరిగ్గా ఎదురు. 2016లో వచ్చిన అధ్యయనం కోసం వర్జీనియా విశ్వవిద్యాలయంలో 222 మంది తెల్లజాతి మెడికల్ విద్యార్థుల్నీ రెసిడెంట్లనీ (శిక్షణలో ఉన్న డాక్టర్లనీ) కొన్ని తప్పుడు నమ్మకాల గురించి అడిగారు. నల్లవాళ్ళ చర్మం మందంగా ఉంటుంది, నరాల చివర్లు తక్కువ స్పర్శ కలిగి ఉంటాయి లాంటివి. దాదాపు సగం మంది వాటిలో కనీసం ఒక్కటైనా నిజమనో, నిజం కావొచ్చనో అన్నారు. అలా అన్నవాళ్ళు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు, వైద్యం సూచించడంలోనూ ఎక్కువ తప్పులు చేశారు. ఇదీ మానసిక కారణమే కదా, అమ్మా! నీ వ్యాసంలో “మానసిక కారణాలు” అనే శీర్షిక కింద రోగి మనసు ఒక్కటే ఉంది. మందు రాసేవాళ్ళకీ మనసు ఉంటుంది, అందులోనూ భయాలూ అలవాట్లూ ఉంటాయి. నువ్వు రాసే ప్రతి వాక్యంలో డాక్టరు ఎక్కడున్నాడో వెతుక్కో. నా అనుభవంలో ఈ విషయం మీద వచ్చే చెడ్డ వ్యాసాలన్నిట్లోనూ లోపం ఇదే.

నా సంగతి ఒకటి చెబుతాను. ఇది ఎక్కడా రాయలేదు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. జార్జియాలో ఒక క్లినిక్‌లో పనిచేసేదాన్ని. అరవైకి దగ్గరపడిన నల్లజాతి ఆవిడ మోకాలి నొప్పితో వచ్చేది. ఏళ్ళ తరబడి స్కూలు క్యాంటీన్‌లో నిలబడి వంట చేసిన మనిషి. వచ్చినప్పుడల్లా ఇస్త్రీ గౌను, చెవులకి ముత్యాల కమ్మలు, లిప్‌స్టిక్. పాత రిపోర్టులన్నీ ప్లాస్టిక్ కవర్లో తేదీల వారీగా సర్దుకుని తెచ్చేది. సున్నా నుంచి పది వరకూ నొప్పి ఎంతంటే ఎప్పుడూ “ఆరు” అనేది. నవ్వుతూ మనవడి కబుర్లు చెప్పేది. మొదటి రోజు నేను రికార్డులో ఇలా రాశాను: “నొప్పి ఆరు అంటోంది, కానీ కులాసాగా కనిపిస్తోంది.” బల్ల దిగేటప్పుడు ఆవిడ రెండు చేతుల వేళ్ళూ బల్ల అంచుని పట్టుకుని ఎంతసేపు వదల్లేదో చూశాను. అది రాయలేదు.

నెల దాటాక ఒకరోజు చెప్పింది. “ఇంట్లో బట్టలతో వస్తే మత్తుమందుల కోసం వచ్చాననుకుంటారు. ఏడిస్తే నాటకమంటారు. పది అంటే నమ్మరు, నాలుగంటే పట్టించుకోరు. అందుకని ఆరు చెబుతాను.”

ఆ ఆరులో ఆవిడ మోకాలు ఉన్నది కొంతే. మిగతాదంతా మేమే. నేను రాసిన “కానీ” కూడా అందులో కలిసింది, ఎందుకంటే నా తర్వాత ఫైలు తెరిచినవాళ్ళందరూ ముందు దాన్నే చదివి ఉంటారు. చాలా ఏళ్ళ తర్వాత, 2021లో, జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు డాక్టర్లు రాసే నోట్స్ మీద చేసిన అధ్యయనం చదివాను. రోగి మాటని శంకిస్తున్నట్టు ధ్వనించే పదాలూ, రోగి మాటల చుట్టూ పెట్టే కొటేషన్ గుర్తులూ నల్లజాతి రోగుల నోట్స్‌లో ఎక్కువగా కనబడ్డాయట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్రవర్తన గురించి రాసేటప్పుడు ఇలాంటి మనిషిని చూపించు. “నల్లజాతి రోగులు వైద్యానికి ఆలస్యంగా వస్తారు, వ్యాయామాలు మధ్యలో మానేస్తారు” అని నీ వ్యాసంలో ఉంది. ఆవిడా మధ్యలో మానేసింది. క్లినిక్‌కి రావడానికి రెండు బస్సులు మారాలి, వచ్చిన రోజు కూలి పోతుంది. కదిలితే ఇంకా పాడవుతుందేమోనన్న భయమూ ఉంది. ఆ భయం నిజం, దానివల్ల కండరాలు బలహీనపడి నొప్పి పెరగడమూ నిజం. బస్సులూ భయమూ ఒకే పేరాలో ఉండాలి. విడివిడిగా రాస్తే చదివేవాడు తనకి నచ్చినదాన్ని ఏరుకుని రెండోదాన్ని వదిలేస్తాడు.

మోకాళ్ళ గురించే ఇంకో మంచి అధ్యయనం ఉంది, నీ వ్యాసంలో లేదు, తప్పకుండా చేర్చు. ఎక్స్‌రే చూసి కీళ్ళ అరుగుదలకి గ్రేడు ఇచ్చే పద్ధతి 1957లో ఇంగ్లండులో పుట్టింది. ఆ గ్రేడు ప్రకారం చూస్తే నల్లజాతివాళ్ళ నొప్పి వాళ్ళ మోకాలికి మించి ఉన్నట్టు కనబడేది. మిగతాది మనసులోదే అయ్యుంటుందని చాలామంది సర్దేసుకున్నారు. 2021లో ఎమ్మా పియర్సన్, జియాద్ ఒబెర్మేయర్ బృందం ఒక కంప్యూటర్ ప్రోగ్రాంకి డాక్టరిచ్చిన గ్రేడు కాకుండా రోగి చెప్పిన నొప్పినే నేర్పింది. పాత గ్రేడు నల్ల, తెల్ల రోగుల నొప్పి తేడాలో 9 శాతాన్ని మాత్రమే వివరించగలిగితే, ఈ ప్రోగ్రాం అవే ఎక్స్‌రేల నుంచి 43 శాతాన్ని వివరించింది. కారణం కొంత మోకాల్లోనే ఉంది, చూసేవాళ్ళకే కనబడలేదు. రోగి మాట నమ్మి మొదలుపెడితే కనబడింది. ఆ ‘ఆరు’ చెప్పినావిడ మోకాలి ఎక్స్‌రే రిపోర్టులో “స్వల్పం” అని ఉండేది. ఈ పేపరు చదువుతున్నంతసేపూ ఆవిడే గుర్తొచ్చింది.

చరిత్ర భాగం సగానికి తగ్గించు. పందొమ్మిదో శతాబ్దంలో బానిస స్త్రీలకి మత్తు ఇవ్వకుండా పదేపదే ఆపరేషన్లు చేసిన డాక్టరు మేరియన్ సిమ్స్ ఒక్కడు చాలు, అతను కూడా కాదు, ఆ స్త్రీలు: అనార్కా, బెట్సీ, లూసీ. అతని విగ్రహం 2018 దాకా న్యూయార్క్ సెంట్రల్ పార్కులో నిలబడే ఉందని ఒక్క వాక్యం రాస్తే పాఠకులకి కాలం అర్థమవుతుంది.

“మానసికం” అన్న మాటతో చాలా జాగ్రత్తగా ఉండు. మన పాఠకులకి అది “లేని నొప్పి” అని వినబడుతుంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో కూడా నొప్పి అంటే శరీరానికీ మనసుకీ కలిపి కలిగే అనుభవమే, అది అందరికీ వర్తిస్తుంది. రోగి తన నొప్పి గురించి చెప్పేదాన్ని గౌరవించాలని దానికింద వివరణలో స్పష్టంగా రాశారు. ఆలోచనల్ని మార్చే థెరపీలు చాలామందికి మేలు చేస్తాయి, నా కళ్ళతో చూశాను. అందుకని మనసు సంగతి ఎత్తొద్దని నేననను. నొప్పి నిజం అని ముందు చెప్పి, ఆ తర్వాత ఎత్తు.

చివర్లో మన కులవ్యవస్థతో పోలిక పెట్టావు. అది ఇంకో వ్యాసం, నాలుగు వాక్యాల్లో ఇమడదు. మన ఊళ్ళతో నిజమైన ముడి కావాలంటే సికిల్‌సెల్ ఉంది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. అమెరికాలో ఆ జబ్బున్న లక్షమందిలో 90 శాతం పైగా నల్లజాతివాళ్ళే. ప్రాణం తోడేసే పోట్లతో ఎమర్జెన్సీకి వచ్చినా మిగతా రోగులకంటే 25 శాతం ఎక్కువసేపు కూర్చోబెట్టారని ఒక జాతీయ స్థాయి అధ్యయనంలో తేలింది. అదే జబ్బు అల్లూరి జిల్లాలోనూ ఆదిలాబాద్‌లోనూ ఆదివాసీల ఇళ్ళల్లో ఉంది. సెలవులకి వెళ్ళినప్పుడు అక్కడికి వెళ్ళి అడుగు, ఆస్పత్రిలో వాళ్ళ మాట ఎలా వింటున్నారో. అడిగేటప్పుడు నొప్పి ఎంత అని అంకె అడక్కు. పోటా, సలుపా, మంటా, లాగుతోందా, తొలుస్తోందా అని అడుగు. వాళ్ళు వాడిన మాటే రాసుకో.

మొత్తం తిరగరాయడానికి టైం పట్టినా ఫరవాలేదు. ముందు ఆ మూడో పేరా ఒక్కటీ మార్చి పంపు. శనివారం లోపు పంపితే ఆదివారం ఫోన్లో కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మీ అత్తయ్య